మిట్ట మీద ఆగే బండి

బండి మళ్ళీ ఆగిపోయింది. మళ్ళీ అదే చోట. ఆస్పత్రి మిట్ట సగానికి పైగా ఎక్కి, నీళ్ళ ట్యాంకు పక్కనున్న మలుపు తిరిగిందో లేదో, ఎవరో తాళం తిప్పి కట్టేసినట్టు ఇంజను చప్పున ఆగింది. దగ్గలేదు, మూలగలేదు, నల్లపొగ వదల్లేదు. జబ్బు చేసిన ఇంజను ఏదైనా ముందు కాస్త గోల పెడుతుంది. ఇది మాత్రం అలిగిన మనిషిలా మాట మధ్యలో లేచి వెళ్ళిపోయింది.

అమ్మడు హ్యాండ్‌బ్రేకు లాగి, స్టీరింగు మీద తల ఆనించి, ఆ ఇంజన్ని చేసినవాళ్ళనీ, వాడినవాళ్ళనీ, చివరికి తనకు అంటగట్టినవాణ్ణీ వరుసపెట్టి తిట్టింది. తిట్టడం పూర్తయ్యాక కిందకి దిగి వెనక చక్రాలకు రాళ్ళు పెట్టింది. ఇక చేయడానికేమీ లేదు. వెనక ట్రేలలో ఆస్పత్రి రోగుల పొద్దుటి బ్రెడ్డు వేడివేడిగా వాసన కొడుతోంది. పైన వంటగదిలో దాని కోసం ఎదురు చూస్తున్నారు.

కాసేపటికి ఉత్తినే తాళం తిప్పి చూసింది. ఇంజను ఏమీ ఎరగనట్టు గుర్రుమంటూ లేచింది. ఒళ్ళు మండిపోయింది ఆమెకు.

అమ్మడు అంటే చిన్నపిల్లేం కాదు. నలభై దాటిన మనిషి, ఇద్దరు కాలేజీ పిల్లల తల్లి. ఇద్దరన్నల తర్వాత పుట్టిన ఒక్కగానొక్క ఆడపిల్ల కాబట్టి ఇంట్లో ముద్దుగా పిలిచిన పిలుపు వీధికెక్కి, అక్కణ్ణించి బేకరీ దాకా పాకింది. ఆమె మొగుడు దర్జీ, నోట్లో నాలుక లేని మనిషి. బండి గురించి ఆయనకు తెలిసిందల్లా దాని సీటుకు కవరు కుట్టడమే. పెళ్ళయింది మొదలు అమ్మడు ఆయన షాపులో గోడవైపు తిరిగి కూర్చుని గుండీలు కుట్టింది. ఎన్ని చొక్కాలో, ఎన్ని గుండీలో! ఒకరోజు మొండికేసి డ్రైవింగు నేర్చుకుంది. అప్పటికే ఇద్దరు ముగ్గురి చేతులు మారిన ఈ పాత డీజిల్ పికప్పు కొనుక్కుని బేకరీవాళ్ళ ఆస్పత్రి ట్రిప్పు పట్టింది. తెల్లారగట్ల ఖాళీ రోడ్ల మీద ఆ సీట్లో కూర్చుంటే తన బతుకు తన చేతిలో ఉన్నట్టుండేది. అంత సంతోషం గుండీలు కుట్టినన్నాళ్ళూ ఆమెకు ఎప్పుడూ కలగలేదు.

బేకరీ మేనేజరు చెడ్డవాడు కాదు. అదే బాధ. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు.

"అమ్మడుగారూ, మీరంటే నాకు గౌరవమేనండీ," అన్నాడు ఆ రోజు తిరిగొచ్చాక. "కానీ రోగులకి మాత్రలేసుకునే ముందు కడుపులో ఏదో ఒకటి పడాలి కదా. ఇవాళ వాళ్ళు బిస్కెట్లతో సరిపెట్టారట. ఇంకొక్కసారి ఆలస్యమైందంటే ఆ ట్రిప్పు కొత్త వ్యాను అతనికి ఇచ్చేయక తప్పదు."

ఆ ట్రిప్పు పోతే బండికి వేరే బతుకు లేదు. పాత సామానుల వాడు తూకమేసి పట్టుకుపోతాడు. అమ్మడు మళ్ళీ గోడవైపు తిరిగి గుండీలు కుట్టుకోవాలి.

ఇంతకీ ఈమె మెకానిక్కులు దొరక్క అవస్థ పడిందా అంటే, అదీ కాదు. తోడబుట్టిన ఇద్దరన్నలూ మెకానిక్కులే. పాత పికప్పుల జబ్బు పట్టుకోవడంలో వాళ్ళను మించినవాళ్ళు చుట్టుపక్కల లేరు. అవస్థంతా అక్కడే ఉంది.

అన్నదమ్ములు కుర్రతనంలోనే ఇంజన్ని పంచుకున్నారు. ట్యాంకు మొదలు పొగగొట్టం దాకా పారేదీ, కారేదీ, మండేదీ అంతా పెద్దన్నయ్యది. బ్యాటరీ మొదలు దీపాల దాకా తీగలో పరుగెత్తేదంతా చిన్నన్నయ్యది. ఒకడి వాటాలో ఇంకొకడు వేలు పెట్టేవాడు కాదు. పెద్దాయన పంపు విప్పాల్సొస్తే దాని మీది తీగను తమ్ముడు వచ్చి ఊడదీసేదాకా చేతులు కట్టుకుని నిలబడేవాడు. చిన్నాయన తీగ లాగుతుంటే డీజిల్ పైపు అడ్డొచ్చిందా, అన్న వచ్చి జరిపేదాకా ఆగాల్సిందే. అలా ఏళ్ళ తరబడి ఒకే షాపులో ఒకే ఇంజను మీదికి చెరోవైపు నుంచి వంగి బతికారు. ఏ బండైనా వాళ్ళ దగ్గర జబ్బు దాచుకోలేకపోయేది.

ఏడాది కిందట బాగుచేసిన లారీ ఒకటి దారిలో ఆగి, తాడు కట్టి లాక్కొస్తే, పెద్దన్నయ్య నలుగురి ముందూ తమ్ముణ్ణి పట్టుకుని, "వైర్లు పీకడం తప్ప వీడికేం తెలుసు?" అనేశాడు. అసలే ముక్కు మీద కోపం మనిషి. అనేశాక నాలుక కరుచుకున్నాడో లేదో ఎవరికీ తెలీదు. చిన్నన్నయ్య మాట మాట్లాడకుండా తన పెట్టె సర్దుకుని బయటికి నడిచాడు. అదే వీధి ఆ చివర సొంత షాపు తెరిచాడు. అప్పట్నించీ ఇద్దరూ ఎడమొహం పెడమొహం. ఒకరితో ఒకరికి పని పడితే మధ్యలో అమ్మడు. పెద్దాయన కబురు చిన్నాయనకు, చిన్నాయన వెటకారం పెద్దాయనకు మోసి మోసి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.

బండి మొదటిసారి ఆగినప్పుడు పెద్దన్నయ్య దగ్గరికే తీసుకెళ్ళింది. ఆయన ఇంజను స్టార్టు చేయించి, కళ్ళు మూసుకుని, చెయ్యి ఆనించి విన్నాడు. ఫిల్టరు మార్చాడు. ట్యాంకు దించి అడుగున పేరుకున్న చెత్తంతా కడిగాడు. పైపుల్లోకి గాలి చొరబడుతోందేమోనని కీలుకీలునా సబ్బునురగ రాసి చూశాడు.

"డీజిల్ మంచినీళ్ళలా పారుతోందే," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "ఇది కరెంటు జబ్బు. వైర్లు చూసేవాడెవడో ఉంటాడుగా, వాడి దగ్గరికి తీసుకెళ్ళు."

"ఎవడో ఏంటన్నయ్యా? నీ తమ్ముడేగా?"

"ఎవడైతే నాకేంటి?"

వీధి ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళింది. చిన్నన్నయ్య బ్యాటరీ కొలిచాడు, తాళం స్విచ్చు విప్పి కట్టాడు, ఫ్యూజులన్నీ తీసి చూశాడు. ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్యనుండే ఎర్తు పట్టీ తుప్పు పట్టిందని కొత్తది వేశాడు.

"పంపు గుమ్మం దాకా కరెంటు నిక్షేపంలా వెళ్తోంది. ఇది డీజిల్ జబ్బు. ఆయనగారు ట్యాంకు కడిగారా, లేక కడిగానని చెప్పారా, అడుగు."

ఎవరి షాపులో నిలబెట్టినా బండి గంటల తరబడి బుద్ధిగా నడిచేది. మిట్ట ఎక్కితేనే దానికి బుద్ధి మారేది. అమ్మడు ఆ వీధిలో ఈ కొసకూ ఆ కొసకూ తిరిగిన తిరుగుడుకే సగం డీజిలు అయిపోయింది.

మేనేజరు ఆ మాట అన్న రోజు మధ్యాహ్నం ఆమె నేరుగా పెద్దన్నయ్య ఇంటికి వెళ్ళింది. ఆయన అన్నం తింటున్నాడు.

"నేను హైవే మీది కొత్త వర్క్‌షాపుకి ఇచ్చేస్తున్నా," అంది. "వాళ్ళు కంప్యూటరు పెట్టి చూస్తారట."

పెద్దన్నయ్య ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "దీనికి కంప్యూటరా? ఎక్కడ పెడతారు, దాని నోట్లోనా? అది పుట్టేనాటికి కంప్యూటర్లు ఇంకా నడవడం నేర్చుకోలేదే!"

"మరేం చెయ్యమంటావ్? ఇది షాపులో ఆగే జబ్బు కాదు. బరువేసుకుని మిట్ట ఎక్కుతున్నప్పుడే ఆగుతోంది. ఆగిన నిమిషంలో చూసేవాళ్ళు పక్కనుండాలి. రేపు పొద్దున చిన్నన్నయ్య వస్తానన్నాడు. నువ్వు రాకపోతే జబ్బు డీజిల్‌దేనని తేల్చేస్తాడు. తర్వాత నన్ననొద్దు."

చిన్నన్నయ్య వస్తానని అనలేదు. అప్పటికి ఆయనతో ఆమె ఇంకా మాట్లాడనే లేదు.

వంటింటి గుమ్మంలోంచి వదిన అందుకుంది. "వెళ్ళి రండి. మీ తమ్ముడి షాపుకి ఎవరొచ్చారు, ఎవరెళ్ళారు అని పొద్దస్తమానం కిటికీలోంచి చూడ్డం తప్ప ఏడాదిగా మీరు చేస్తున్నదేముంది?"

పెద్దన్నయ్య తలొంచుకుని తినడంలో పడ్డాడు. వస్తానని దాని అర్థం. అమ్మడు అట్నుంచి అటే చిన్నన్నయ్య షాపుకెళ్ళి, పేర్లు అటూ ఇటూ మార్చి, అదే పాట పాడింది. ఆయనా దారికొచ్చాడు.

మర్నాడు తెల్లారకముందే, రోజూ కన్నా బాగా ముందుగా, అమ్మడు బ్రెడ్డు ట్రేలు ఎక్కించుకుని వీధిలోకి వచ్చింది. ముందు ఈ చివర పెద్దన్నయ్య ఎక్కాడు. ఆయన భారీ మనిషి, ఎక్కగానే బండి ఒక పక్కకి ఒరిగింది. చేతిలో స్పానర్ల సంచీ. పంపులోకి డీజిల్ వెళ్ళే దారిలో ఒక జానెడు పైపు తీసేసి, దాని బదులు లోపల కనబడే తెల్లటి ప్లాస్టిక్ పైపు తగిలించాడు. గాలి బుడగ వస్తే దొరికిపోవాలని. ఆ చివర చిన్నన్నయ్య ఎక్కాడు. ఆయన ఒక పొడుగాటి తీగ పట్టుకొచ్చి, దాని ఒక కొసను ఇంజనులో పంపుకు వెళ్ళే తీగకు గుచ్చి, రెండో కొసను కిటికీలోంచి లోపలికి లాగి, దానికో చిన్న దీపం తగిలించాడు. దీపం వెలుగుతున్నంతసేపూ కరెంటు ఉన్నట్టు. ఆరిందా, లేనట్టు.

ముగ్గురికీ ఒకటే సీటు. పెద్దాయన తలుపు వైపు నుంచి కదలనన్నాడు. బక్కపల్చని చిన్నాయన గేరు రాడ్డును రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని నడిమిన కూర్చోవాల్సొచ్చింది. అమ్మడు రెండో గేరు వేసినప్పుడల్లా ఆయన మోకాలికి దెబ్బ తగిలేది.

"అమ్మడూ, కాస్త అటు జరగమను," అన్నాడు చిన్నన్నయ్య, ఎదురుగా రోడ్డు చూస్తూ.

"ఎక్కడికి జరగమంటాడు, తలుపు బయటికా? అడుగు," అన్నాడు పెద్దన్నయ్య, కిటికీలోంచి చూస్తూ.

"ఇద్దరికీ వినబడుతూనే ఉందిగా!" అంది అమ్మడు.

మిట్ట మొదలైంది. బండి ఎక్కుతోంది. నీళ్ళ ట్యాంకు వచ్చింది, మలుపు వచ్చింది. చిన్నన్నయ్య దీపం మీంచి చూపు తిప్పలేదు. పెద్దన్నయ్య చెవి ఇంజను వైపు ఒగ్గి కూర్చున్నాడు. బండి మలుపు తిరిగింది. ఆగలేదు. హాయిగా, పెళ్ళికి వెళ్తున్నట్టు పైకి వెళ్ళి ఆస్పత్రి గేటు ముందు నిలబడింది.

"ట్యాంకు కడిగితే అట్లా ఉంటుంది మరి," అన్నాడు పెద్దన్నయ్య గాల్లోకి.

"ఎర్తు పట్టీ మారిస్తే అట్లా ఉంటుంది," అన్నాడు చిన్నన్నయ్య దీపంతో.

అమ్మడు గేటు వైపు చూసింది. లోపలికెళ్ళి ట్రేలు దించేస్తే ఇవాళ్టికి గండం గడిచినట్టే. మేనేజరు దగ్గర మాట దక్కుతుంది. కానీ రేపు? రేపు వీళ్ళిద్దరూ ఈ సీట్లో ఉండరు. ఏడాదిలో ఒక్కసారి ఒకచోట కూర్చున్నారు, మళ్ళీ కూర్చోబెట్టాలంటే తన తరం కాదు. బ్రెడ్డు దించేసి తిరిగొద్దామంటే ఖాళీ బండి ఆగదు. ఆ బరువుంటేనే దానికి జబ్బు.

గడియారం చూసుకుంది. ముందు బయల్దేరింది కాబట్టి ఇంకా కాస్త వ్యవధి ఉంది. స్టీరింగు ఒక్క తిప్పు తిప్పి బండిని మళ్ళీ పల్లం వైపు మళ్ళించింది.

"ఏంటే ఇది?" అన్నాడు పెద్దన్నయ్య. "పిచ్చెక్కిందా? గేటు దాకా వచ్చి వెనక్కెళ్తావేం?"

"బ్రెడ్డు దించెయ్యమ్మా ముందు!" అన్నాడు చిన్నన్నయ్య.

ఒక్క విషయంలో ఇద్దరి మాటా కలిసింది. అమ్మడు వినిపించుకోలేదు. కింద దాకా దిగి, బండి తిప్పి, మళ్ళీ ఎక్కించింది. ఈసారి దయదాక్షిణ్యాలు లేకుండా మూడో గేరులోనే తోలింది. ఇంజను రొప్పుతోంది, బండంతా వణుకుతోంది. ఇన్నాళ్ళూ ఆగకూడదని మొక్కుకున్న మనిషి, ఆగవే తల్లీ, ఇప్పుడాగు అని బతిమాలుకుంది.

మలుపులో ఆగింది.

"దీపం వెలుగుతోంది!" అని అరిచాడు చిన్నన్నయ్య. "చూసుకోండి! నా కరెంటు ఉంది!"

పెద్దన్నయ్య అప్పటికే దూకేశాడు. బానెట్టు ఎత్తి, తెల్లపైపు వైపు వేలు పెట్టి చూపించాడు. "బుడగ లేదు, నలక లేదు. నిండుగా ఉంది నా డీజిలు! రమ్మను, వచ్చి చూసుకోమను!"

ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి. ఇద్దరూ గెలిచారు. బండి మాత్రం రోడ్డు మధ్యలో చచ్చి పడుంది.

అమ్మడు చక్రాలకు రాళ్ళు పెట్టి వచ్చింది. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. "పెద్దన్నయ్యా, డీజిల్ ఎంతవరకూ వచ్చింది?"

"పంపు దాకా."

"చిన్నన్నయ్యా, కరెంటు?"

"పంపు దాకా."

"పంపుకి కరెంటెందుకసలు?"

ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచి, ఒకేసారి మూసుకున్నారు. పంపు నెత్తిన బొటనవేలంత వాల్వు ఒకటుంటుంది. తాళం తిప్పితే దానికి కరెంటు వెళ్ళి డీజిల్‌కు దారిస్తుంది. తాళం తీస్తే దారి మూసేస్తుంది. ఇంజను ఆగేది దానివల్లే. ఎవరో తాళం తిప్పి కట్టేసినట్టు ఆగుతోందని అమ్మడు మొదట్నించీ చెబుతూనే ఉంది.

"మరి ఆ వాల్వు ఎవరిది?" అంది అమ్మడు.

అది పంపు మీదుంది కాబట్టి అన్నదని చిన్నాయన దాని ఇవతలే ఆగిపోయాడు. దానికి తీగ ఉంది కాబట్టి తమ్ముడిదని పెద్దాయన దాన్ని వదిలేశాడు. చిన్నన్నయ్య నెమ్మదిగా ముందుకు వంగాడు. తన దీపం గుచ్చిన చోటు దాటాక, వాల్వుకు జానెడు దూరంలో, తీగ చుట్టూ నల్లటేపు బొద్దుగా చుట్టి ఉంది. దాన్ని గోటితో ఊడదీశాడు. లోపల రెండు తీగలు వట్టి మెలిక పెట్టి ఉన్నాయి, మెలిక సగం ఊడి మసి పట్టింది. ఇంజను బరువు లాగుతూ పక్కకు ఒరిగినప్పుడల్లా ఆ మెలిక విడిపోతోంది. ఇంజను ఆగి కుదుటపడ్డాక మళ్ళీ అంటుకుంటోంది.

"ఇది నేనేసిన అతుకు కాదు," అన్నాడు చిన్నన్నయ్య. "నేను టంకం పెట్టకుండా అతకను."

పెద్దన్నయ్య కొండ వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. ఎటూ ఏమీ దొరక్క చివరికి, "ఆర్నెల్ల కిందట పంపు లీకైతే విప్పాను," అని గొణిగాడు. "అప్పుడు తెగింది."

చిన్నన్నయ్య వాల్వుకు తీగను బిగించే నట్టును కదిపి చూశాడు. అది బోల్టుతో సహా ఊడి అరచేతిలోకొచ్చింది. బలంకొద్దీ బిగించినప్పుడే లోపల పగిలినట్టుంది. ఆయన ఆ ముక్కను చూశాడు, అన్న వైపు తిరిగాడు. ఏడాదిగా లోపల దాచుకున్నదంతా పైకొచ్చేసింది.

"నన్ను పిలవొచ్చుగా! వీధి ఆ చివర చచ్చానా నేను? ఒక్క కేక వేస్తే రానా? పరాయి బండికైనా ఇట్లాంటి అతుకు వేస్తారా ఎవరైనా? చెల్లెలి బండి ఇది!"

"నువ్వు మాత్రం?" పెద్దన్నయ్య గొంతు మిట్టంతా మోగింది. "బ్యాటరీ నుంచి వెతుక్కుంటూ వచ్చినవాడివి, జానెడు దూరంలో ఆగిపోయావేంరా? పంపు కరుస్తుందా నిన్ను? చెయ్యి పెడితే నీ సొమ్మేం పోయేది?"

"నీ పంపు మీద నేను చెయ్యేస్తే నువ్వూరుకుంటావా? వైర్లు పీకేవాణ్ణి నేను!"

ఆ మాటకు పెద్దన్నయ్య భుజాలు గాలి తీసేసిన టైరులా దిగిపోయాయి. "ఆ మాట అనాల్సింది కాదురా," అన్నాడు. "అన్న మర్నాడే వద్దామనుకున్నా. కాళ్ళు రాలేదు."

వాళ్ళు ఒకర్నొకరు చూసుకుంటూ అరుచుకున్నారు. ఏడాదిలో ఇదే మొదటిసారి. అమ్మడికి ఎంత సంతోషమేసిందంటే, వెనక ట్రేలలో బ్రెడ్డు చల్లారిపోతోందన్న సంగతి కూడా ఒక్క క్షణం మర్చిపోయింది. ఒక్క క్షణమే.

"తర్వాత పోట్లాడుకోండి, నేనే కూర్చోబెట్టి పోట్లాడిస్తాను," అంది. "ముందు నా బండి కదలాలి. టైమైపోతోంది."

చిన్నన్నయ్య అరచేతిలోని ముక్కను చూపించాడు. "తీగ తగిలించడానికి చోటే లేదు. ఇక్కడ నా చేతుల్లో ఏం లేదు." ఆగి, అన్నను అడిగాడు. "ఏం చేద్దాం?"

పెద్దన్నయ్య సంచీలోంచి పెద్ద స్పానరు తీసి వాల్వు మొత్తాన్ని విప్పేశాడు. లోపలున్న చిన్న స్ప్రింగునూ, దారి మూసే పిన్నునూ బయటికి లాగి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఖాళీ వాల్వును మళ్ళీ బిగించాడు. "దారి మూసేదే లేదిప్పుడు. కరెంటుతో పన్లేదు. నడుస్తుంది. కాకపోతే ఒకటి, తాళం తీసినా ఆగదు."

అమ్మడు తాళం తిప్పింది. ఇంజను రెండుసార్లు నీళ్ళు నమిలి, మూడోసారి ఘొల్లుమంది. ఆమె ఎక్కిన వేగానికి అన్నలిద్దరూ పరుగెత్తి ఎక్కాల్సొచ్చింది.

ఆస్పత్రి వంటగది వెనక తలుపు దగ్గర వంటమనిషి నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది. అమ్మడు ట్రేలు దించుతుంటే అన్నలిద్దరూ చెరో పక్కా పట్టుకున్నారు. ఇంజను ఢమఢమ మోగుతూనే ఉంది.

"ఆ బండి కట్టెయ్యమ్మా, రోగులు లేస్తారు!"

"ఆగదండీ."

"ఆగకపోవడమేంటి? మొన్నటిదాకా నడవదని ఏడ్చావు!"

"ఇవాళ ఆగదని ఏడుస్తున్నానండీ," అంది అమ్మడు. కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

లోపల ఫోను మోగింది. బేకరీ మేనేజరే. వంటమనిషి చెవిలో వేలు పెట్టుకుని, ఇంజను చప్పుడు మీంచి అరిచింది. "వచ్చిందండీ! టైముకే వచ్చింది! ఇదిగో, ఇప్పుడే దించుతున్నారు, ఇంకా వార్డులకి టిఫిను ట్రాలీలు కూడా కదల్లేదు! ఏంటీ? రేపు కూడా ఈమే వస్తుందా? మంచిది! కాస్త చప్పుడు తగ్గించుకు రమ్మనండి!"

అమ్మడు ఖాళీ ట్రే ఛాతీకి అదుముకుని అక్కడే నిలబడిపోయింది. గుండీల గోడ ఎక్కడికో దూరంగా వెళ్ళిపోయింది. ఆస్పత్రి కిటికీల మీద ఎండ పడుతోంది. ఇంత మంచి ఉదయాన్ని తానెప్పుడూ చూడలేదనిపించింది.

మిట్ట దిగి వీధి మొదట్లోకి వచ్చాక అమ్మడు వేగం తగ్గించి, "ఎవరి షాపుకి పోనివ్వను?" అని అడిగింది. అడిగాక భయమేసింది.

పెద్దన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "వాడి షాపుకే పోనీ. టంకం పెట్టే సామాను వాడి దగ్గరుంది. నేనొచ్చి వాల్వు బిగిస్తాను."

ఆ షాపు గుమ్మం ఆయన ఇంతవరకూ తొక్కలేదు. అమ్మడు బండిని సరిగ్గా దాని ముందుకు తీసుకెళ్ళి, తాళంతో ఆగదు కాబట్టి నాలుగో గేరులో పెట్టి, బ్రేకు మీద కాలు బలంగా నొక్కి క్లచ్చు వదిలింది. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగింది. పెద్దన్నయ్య దిగి, గుమ్మంలో నిలబడి, నాలుగు గోడలూ పైనుంచి కిందదాకా చూశాడు.

"ఇంత చీకట్లో ఎట్లా పనిచేస్తున్నావురా? కళ్ళు పోతాయి."

"దీపం పెట్టాలనే అనుకుంటున్నా. తీరికేదీ?"

"కరెంటు పనివాడింట్లో దీపం లేదంటే నవ్విపోతారు."

చిన్నన్నయ్య అరలు వెతికి, ఎప్పుడో పాడైన పంపు మీంచి తీసి దాచిన మంచి వాల్వు ఒకటి పట్టుకొచ్చి, దానికి కొత్త తీగ పెట్టి టంకం వేయడం మొదలుపెట్టాడు. పెద్దన్నయ్య బానెట్టు మీదికి వంగి పాతది విప్పుతున్నాడు. చేతికి డీజిల్ అంటి స్పానరు జారిపోతోంది.

"ఒక గుడ్డ ముక్క ఇమ్మను," అన్నాడు తల ఎత్తకుండా.

అమ్మడు అలవాటుగా వెనక్కి తిరిగింది. "చిన్నన్నయ్యా, పెద్దన్నయ్య గుడ్డ ముక్క..."

పెద్దన్నయ్య తల పైకెత్తాడు. తానన్నది తనకే వినబడ్డట్టుంది. చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్వెందుకే మధ్యలో?" అని కసిరాడు. "ఉండు, నేను మాట్లాడతాను వాడితో. ఒరే తమ్ముడూ, గుడ్డ ముక్క ఇటివ్వరా."

"పట్టుకో అన్నయ్యా," అన్నాడు చిన్నన్నయ్య.

అమ్మడు బయటికొచ్చి షాపు మెట్టు మీద కూర్చుంది. లోపల అప్పుడే దేని గురించో మళ్ళీ వాదన మొదలైంది. ఎవరిది ఒప్పో, ఎవరిది తప్పో ఆమె చెవిన పెట్టలేదు.